తంతుల క్రింది అయస్కాంతం

గిటారు కొనబోయేవాడు మొట్టమొదట రంగు చూస్తాడు. తర్వాత ఆకారం చూస్తాడు. కాస్త తెలిసినవాడైతే చెక్క తట్టి చూస్తాడు. మెట్ల మీద వ్రేళ్లు జరిపి చూస్తాడు. తంతుల క్రింద, అగ్గిపెట్టెకన్న కాస్త పెద్దదిగా, ఒక డబ్బీ అణిగిమణిగి కూర్చుని ఉంటుంది. దాని వంక చూసేవారు తక్కువ. తీరా ఇంటికి తెచ్చుకుని, ఆంప్లిఫయరుకు తగిలించి వాయించి, "రికార్డులో విన్న నాదం ఇది కాదే!" అనిపించినప్పుడు మాత్రం, తప్పంతా ఆ డబ్బీదేనని తీర్మానించేస్తారు. మొదట దాన్ని బొత్తిగా పట్టించుకోకపోవడమూ, తర్వాత నేరమంతా దాని నెత్తినే రుద్దడమూ, రెండూ న్యాయం కావు.

ఆ డబ్బీ పేరు పికప్. గిటార్లకూ, ఆంప్లిఫయర్లకూ మరమ్మతులు చేసుకుని బ్రతికేవాణ్ణి గనుక, దాని మంచి చెడ్డలు నాకు కొంత తెలుసు. నా దగ్గరకు వచ్చే కుర్రవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: "హార్డ్ రాక్ వాయించాలి. ఏ పికప్ వేయించమంటారు?" పేరున్న పికప్పులు ఒక జత కొనాలంటే ఆ డబ్బుతో ఒక మోస్తరు గిటారే వస్తుంది. అందుచేత దీనికి సమాధానం చెప్పడం ఆషామాషీ వ్యవహారం కాదు. పది మందికి విడివిడిగా చెప్పేది ఒక్కసారే ఇక్కడ చెబుతున్నాను.

హార్డ్ రాక్ అంటే తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. 1966 మొదలు 1980 వరకు, ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశాల్లో లెడ్ జెపెలిన్, డీప్ పర్పుల్, బ్లాక్ సబ్బాత్, ఎ.సి./డి.సి., వాన్ హేలెన్ వంటి బృందాలు ఒక గిటారు నాదాన్ని తయారు చేశాయి. అది మొరటుగా ఉంటుంది, కాని అస్పష్టంగా ఉండదు. గర్జిస్తుంది, అయినా అందులో ఆరు తంతులూ వేటికవి వినిపిస్తాయి. ఆ రెండో గుణమే అసలు కిటుకు. దాన్ని మరచి మొదటిదాని వెంట పరుగెత్తేవారే డబ్బు పారేసుకుంటారు.

గాలిని వినని చెవి

పికప్ అంటే ఒక రకం మైకు అనుకుంటారు చాలామంది. మైకు గాలిని వింటుంది. పికప్‌కు గాలితో పని లేదు. దానికి తెలిసింది ఉక్కు ఒక్కటే. గిటారుకు నైలాన్ తంతులు బిగించి తెల్లవార్లూ వాయించండి, అది ఉలకదు, పలకదు.

లోపల ఉన్నది ఇంతే: ఒక అయస్కాంతం, దాన్ని ఆనుకుని ఒక రాగి తీగ చుట్ట. ఆ తీగ మందం మిల్లీమీటరులో పదహారో వంతు. చుట్లు మాత్రం సుమారు 5,000. అయస్కాంతం పైనున్న ఉక్కు తంతి అటూ ఇటూ ఊగినప్పుడల్లా చుట్టలో రవంత విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. వెనుకటి సైకిళ్లకు బిగించే డైనమో వెలిగేదీ ఈ సూత్రం మీదనే. తేడా ఒక్కటే: సైకిలు డైనమోను చక్రం తిప్పుతుంది, గిటారు డైనమోను వాయించేవాడి చేయి తిప్పుతుంది. ఆ రవంత విద్యుత్తును పెద్దది చేసి, స్పీకరును కదిలించడం ఆంప్లిఫయరు పని.

అమెరికాలో లాస్ ఏంజెలస్ నగరంలో జార్జి బీచమ్ అనే కళాకారుడు, బృందంలో తన గిటారు వినబడడం లేదన్న బాధతో, 1931లో దీన్ని పనిచేసేటట్లు రూపొందించాడు. దాన్ని అమర్చిన గిటారు పెనంలా ఉండేది గనుక అందరూ దాన్ని "పెనం" అనే పిలిచారు. 1937లో దానికి పేటెంటు వచ్చింది.

పికప్ మన సంగీతానికి కొత్త కాదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, జంట తంతులుండే మాండలిన్‌ను ఒంటి తంతులకు మార్చి, అయిదో తంతి చేర్చి, పికప్ ఉన్న ఎలెక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించాడు. మామూలు మాండలిన్ స్వరం పుట్టీపుట్టగానే చచ్చిపోతుంది. గమకానికి వ్యవధి ఉండదు. పికప్, ఆంప్లిఫయరు ఆ స్వరానికి ఆయుష్షు పోశాయి. తొమ్మిదేళ్ల వయసులో, 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనలో ఆయన తొలి కచేరీ చేశాడు. సరిగ్గా అదే ఏడు అమెరికాలో ఎడ్డీ వాన్ హేలెన్ తొలి రికార్డు విడుదలయింది. సంగీతాలు వేరైనా ఇద్దరికీ కావలసినది ఒక్కటే: వ్రేలి కొసన జరిగే ప్రతి చిన్న కదలికా స్పీకరు దాకా చెక్కుచెదరకుండా చేరాలి. పికప్‌ను ఎన్నుకోవడానికి ఇంతకు మించిన గీటురాయి లేదు.

రొదకు విరుగుడు

తొలి పికప్పులకు ఒక జబ్బు ఉండేది. తీగ చుట్ట తంతి కదలికతో పాటు చుట్టుపక్కల కరెంటు తీగల ప్రభావాన్ని కూడా పట్టుకుంటుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు, అమెరికాలో 60 సార్లు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది గదా! ఆ ఊగిసలాట స్పీకరులో "జుమ్" మని తుమ్మెద రొదలా వినిపిస్తుంది. ఒంటి చుట్ట పికప్పులన్నిటికీ నేటికీ ఈ రొద తప్పదు.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు సెత్ లవర్. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊళ్లో గిబ్సన్ కంపెనీలో ఇంజనీరు. అంతకు ముందు రేడియో పనిలో ఆరితేరినవాడు. ఆంప్లిఫయరులో రొద అణచడానికి రెండు చుట్టలను ఎదురెదురుగా కలపడం ఆయనకు తెలుసు. ఆ యుక్తినే 1955లో పికప్‌కు పట్టించాడు.

యుక్తి చాలా తేలిక. పక్కపక్కనే రెండు చుట్టలు పెడతారు. ఒక దానిలో విద్యుత్తు ఎటు నడుస్తుందో రెండో దానిలో దానికి వ్యతిరేకంగా నడిచేటట్లు కలుపుతారు. బయటినుంచి వచ్చే రొద రెండిటిలోనూ సమానంగా పుట్టి, ఎదురెదురుగా ఢీకొని నశిస్తుంది. మరి తంతి నాదం కూడా నశించవద్దా? అక్కడే ఉంది చమత్కారం. రెండో చుట్టకు అయస్కాంతం ధ్రువం కూడా తలక్రిందులు చేశాడు. రెండు సార్లు తలక్రిందులైనది మళ్లీ నిటారుగా నిలుస్తుంది గనుక తంతి నాదం రెండు చుట్టలలోనూ ఒకే దిశలో పుట్టి, కలిసి, బలపడుతుంది. రొదను అణచేది గనుక దీనికి "హంబకర్" అని పేరు.

కోరింది రొద పోవడం. దాంతో పాటు కోరనిది ఒకటి వచ్చింది. రెండు చుట్టలు తంతి మీద రెండు చోట్ల వింటాయి. దానివల్ల అతి సన్నని పైస్వరాలు కొన్ని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నాదం గుండ్రంగా, చిక్కగా, కాస్త బొంగురుగా తయారవుతుంది. సెత్ లవర్ హార్డ్ రాక్ కోసం దీన్ని చేయలేదు. ఆనాటికి ఆ సంగీతమే పుట్టలేదు.

దరఖాస్తు చీటీ

1957 నుంచి ఈ పికప్పులు లెస్ పాల్ గిటార్లకు వచ్చాయి. పేటెంటు ఇంకా చేతికి రాలేదు గనుక, పికప్ అడుగున "పేటెంటుకు దరఖాస్తు పెట్టబడినది" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలతో చిన్న చీటీ అంటించేవారు. ఆ మూడు మాటల పొడి అక్షరాలే నేడు లోకమంతటా వాడుకలో ఉన్న "పి.ఎ.ఎఫ్." అనే పేరు. 1959 జూలైలో పేటెంటు వచ్చింది. అయినా ఆ చీటీ మరి కొన్నేళ్లు అంటిస్తూనే వచ్చారు. తర్వాత అంటించిన చీటీ మీద అచ్చు వేసిన పేటెంటు నంబరు ఈ పికప్‌ది కానే కాదు! లెస్ పాల్ పేరిట గిటారు తోక పట్టీకి ఇచ్చిన వేరే పేటెంటు నంబరు అది.

నాటి పి.ఎ.ఎఫ్. పికప్ ఒక్కటి నేడు వేల డాలర్లకు అమ్ముడుపోతుంది. చేసిన రోజుల్లో దాని మీద అంత భక్తి ఎవరికీ లేదు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిపి పోసే "ఆల్నికో" అయస్కాంతాలలో ఏ రకం చేతికి వస్తే ఆ రకం వేసేవారు. ఎన్ని చుట్లు చుట్టాలో లెక్కపెట్టి దానంతట అది ఆగే యంత్రం లేకపోవడంతో ఒకటి 7 కిలో ఓమ్‌ల దగ్గర ఆగితే, మరొకటి 9 దాకా పోయేది. అందుకని రెండు పి.ఎ.ఎఫ్.లు అచ్చంగా ఒకేలా పలకవు. అయితే అన్నిటికీ కలిసిన గుణం ఒకటుంది: బలం మితంగానే ఉంటుంది.

మితబలం, అమిత ధ్వని

మితమైన పికప్ నుంచి అంతటి గర్జన ఎలా పుట్టింది?

లండనులో జిమ్ మార్షల్ అనే డ్రమ్ము వాద్యకారుడు డ్రమ్ముల దుకాణం పెట్టుకుని, 1960ల మొదట్లో ఆంప్లిఫయర్లు చేయించడం ఆరంభించాడు. అవి వాల్వులవి. 1966లో ఎరిక్ క్లాప్టన్ అనే యువకుడు, జాన్ మేయాల్ బృందంతో రికార్డు ఇవ్వడానికి స్టూడియోకు వచ్చి, లెస్ పాల్ గిటారును మార్షల్ ఆంప్లిఫయరుకు తగిలించి, కచేరీలో వాయించినంత పెద్దగా వాయిస్తానన్నాడు. స్టూడియో వారు తగ్గించమన్నారు. అతను వినలేదు. ఆ రికార్డు విన్నవాళ్లంతా, "గిటారు ఇలా కూడా పలుకుతుందా!" అని ఆశ్చర్యపోయారు. అమ్మకాలు లేక 1960తో ఆగిపోయిన ఆ పాత లెస్ పాల్ గిటార్ల కోసం వేట అప్పటినుంచే మొదలయింది.

జరిగిన కథ ఇది: వాల్వును దాని శక్తికి మించి తోస్తే, అది నాద తరంగం శిఖరాలను చదును చేస్తుంది. ఆ చదునులోంచి కొత్త స్వరాలు పుట్టుకొస్తాయి. దాన్నే డిస్టార్షన్ అంటారు. చెరుకు గానుగలో పడితే రసం వచ్చినట్లు, గిటారు స్వరం ఆంప్లిఫయరులో నలిగి ఆ గర్జన వచ్చింది. పికప్ చేసిన పనల్లా మంచి చెరుకు అందించడం! మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా మీటితే గట్టిగా అందించింది. అందుకే వాద్యకారుడు గిటారు మీది వాల్యూము మరను కాస్త వెనక్కు తిప్పితే గర్జన తగ్గి నాదం తేటపడేది; ముందుకు తిప్పితే మళ్లీ జూలు విదిలించేది. ఒకే మరతో రెండు గొంతులు!

పికప్ మరీ బలమైనదైతే ఈ సదుపాయం పోతుంది. మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఆంప్లిఫయరు ఒకే రకంగా అరుస్తుంది. అందరూ ఒకేసారి అరిచే సభలో ఎవరి మాటా వినబడనట్లు, ఆరు తంతుల శ్రుతీ కలగాపులగమవుతుంది.

అంకెల మోజు

1972లో లారీ డిమార్జియో అనే అమెరికన్ "సూపర్ డిస్టార్షన్" అనే పికప్ చేసి అమ్మాడు. ఆల్నికోకు బదులు సిరామిక్ అయస్కాంతం, ఎక్కువ చుట్లు, సుమారు 13 కిలో ఓమ్‌ల పైమాట. కిస్ బృందపు ఏస్ ఫ్రేలీ వంటివారు దాన్ని వాడారు. ఆంప్లిఫయరును అంతగా పెంచడానికి వీలులేనప్పుడు దాన్ని ముందుగానే రెచ్చగొట్టడానికి ఇటువంటి పికప్ పనికి వస్తుంది. దానికీ ఒక స్థానం ఉంది. కాని అప్పటినుంచి, "ఎన్ని ఓమ్‌లుంటే అంత గొప్ప" అనే నమ్మకం వ్యాపించింది.

ఈ అంకె వట్టి నిరోధం, బలం కాదు. తీగ సన్నబడితే, చుట్లు అన్నే ఉన్నా నిరోధం పెరుగుతుంది. సన్న గొట్టంలో నీరు కష్టంగా నడవడం లేదూ? అలాగే. అందుచేత ఒకే మందం తీగతో చుట్టిన వాటినే ఒకదానితో ఒకటి పోల్చాలి. ఇంకో తమాషా. రాగి వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద 8 కిలో ఓమ్‌లు చూపే పికప్, మన విజయవాడ ఎండల్లో 40 డిగ్రీల వద్ద 8.6 దాకా చూపుతుంది. ఎండ కాసినందువల్ల పికప్‌కు బలం వస్తుందని ఎవరైనా అంటారా?

చుట్లు పెంచితే బలం పెరిగే మాట నిజమే. దానికి చెల్లించే మూల్యం కూడా ఉంది. చుట్లు పెరిగినకొద్దీ పైస్వరాలు అణిగిపోతాయి; మధ్యస్వరాలు ఉబ్బుతాయి; నాదానికి అంచు పోతుంది.

పేర్లు చూసి మోసపోవద్దు

"హార్డ్ రాక్ అంటే హంబకరే" అనేవారికి నేను చెప్పే ఉదాహరణలు కొన్ని.

లెడ్ జెపెలిన్ తొలి రికార్డు 1968లో తయారయింది. జిమ్మీ పేజ్ అందులో వాయించినది ప్రధానంగా ఫెండర్ టెలికాస్టర్ - ఒంటి చుట్ట పికప్పుల గిటారు. అందరూ ఆయన చేతిలో ఊహించుకునే లెస్ పాల్ ఆయనకు 1969లో వచ్చింది. 1971 నాటి "స్టెయిర్‌వే టు హెవెన్" పాటలోని గిటారు ఆలాపన కూడా టెలికాస్టర్ మీదదే.

డీప్ పర్పుల్ బృందపు రిచీ బ్లాక్‌మోర్ 1971 డిసెంబరులో స్విట్జర్లాండులోని మాంట్రోలో "స్మోక్ ఆన్ ది వాటర్" వాయించినది స్ట్రాటోకాస్టర్ మీద. అదీ ఒంటి చుట్టదే.

బ్లాక్ సబ్బాత్ కథ మరీ విచిత్రం. బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ టోనీ అయోమీ రెండు వ్రేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. కరిగించిన ప్లాస్టిక్‌తో తొడుగులు చేసుకుని, సన్నని తంతులు బిగించుకుని, మళ్లీ వాయించాడు. 1969లో తొలి రికార్డు మొదలుపెట్టినప్పుడు ఆయన చేతిలో ఉన్నది స్ట్రాటోకాస్టర్. మధ్యలో దాని పికప్ చెడిపోయింది. పక్కనున్న గిబ్సన్ ఎస్.జి. అందుకున్నాడు. దానిలో ఉన్నవి పి-90 అనే ఒంటి చుట్ట పికప్పులు, 1946 నాటి నమూనా. ప్రపంచంలోకెల్లా బరువైన నాదమని పేరు తెచ్చుకున్నది ఆ పికప్పుల నుంచే పుట్టింది.

ఎ.సి./డి.సి.లో మాల్కం యంగ్ సంగతి చూడండి. గ్రెచ్ గిటారులోని మిగిలిన పికప్పులు పీకేసి, బ్రిడ్జి దగ్గరది ఒక్కటే ఉంచుకున్నాడు. అది రే బట్స్ అనే ఆయన రూపొందించిన ఫిల్టర్‌ట్రాన్ - హంబకరే గాని, బలం తక్కువ, తేటదనం ఎక్కువ. ఆ బృందం నాదంలో డిస్టార్షన్ మనం అనుకున్నంత ఉండదు. శ్రద్ధగా వినండి: ప్రతి తంతీ గంట కొట్టినట్లు వినిపిస్తుంది. బరువంతా చేతి ఊపులో ఉంది.

ఇక ఎడ్డీ వాన్ హేలెన్. 50 డాలర్ల చెక్క, 80 డాలర్ల మెడ కొనుక్కుని, సొంతంగా గిటారు కూర్చుకుని, మరో గిబ్సన్ గిటారులోంచి ఊడదీసిన పి.ఎ.ఎఫ్. పికప్‌ను బ్రిడ్జి దగ్గర బిగించాడు. పాత పి.ఎ.ఎఫ్.లకు మైనం పట్టించేవారు కారు. ధ్వని పెంచితే లోపలి తీగచుట్లు కంపించి, పికప్ కీచుమంటుంది. అందుకని ఆయన కరిగించిన మైనంలో దాన్ని ముంచాడు. 1978లో లోకాన్ని అదరగొట్టిన నాదానికి వెనుక ఉన్నది 1950ల నాటి అదే మితబలపు నమూనా, కాస్త మైనం!

కూడబెట్టిన సొమ్ము

ఇటీవల నా దగ్గరకు ఒక కుర్రవాడు వచ్చాడు. పగలు మోటారు షెడ్డులో పని; రాత్రిళ్లు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా. ఆరు నెలలు కూడబెట్టిన సొమ్ము జేబులో ఉంది.

"బాబాయ్ గారూ! 16 కిలో ఓమ్‌ల పికప్పులు రెండు తెప్పించండి" అన్నాడు.

"ఇప్పుడున్న వాటికి ఏమయిందోయ్?"

"గొంతు లేదండీ. అంతా బురదబురదగా ఉంది."

చూద్దును గదా, బ్రిడ్జి దగ్గరి పికప్‌ను తంతులకు తగిలేటంత పైకి బిగించి ఉంది. దగ్గరైతే బలం వస్తుందని ఎవరో చెప్పారట. అయస్కాంతం అంత దగ్గరకు వస్తే తంతిని పట్టి లాగుతుంది. స్వరం నిలవదు, శ్రుతి కూడా వంకర పోతుంది. మరలు తిప్పి, చివరి మెట్టు దగ్గర తంతి నొక్కినప్పుడు రెండు మిల్లీమీటర్ల ఎడం ఉండేటట్లు దించాను. వాల్యూము కంట్రోలు 250 కిలో ఓమ్‌లది. ఒంటి చుట్ట పికప్‌కు అది సరిపోతుంది; హంబకర్‌కు 500 ఉండాలి, లేకపోతే పైస్వరాలు నేలపాలు. అది మార్చాను. చాంతాడంత వైరు తీసేసి మూడు మీటర్లది ఇచ్చాను. వైరు పొడుగు పెరిగినా పైస్వరాలు చస్తాయి. కొత్త తంతులు వేశాం. ఆంప్లిఫయరు మీద డిస్టార్షన్ మరను సగానికి తగ్గించి, వాల్యూము పెంచాను.

కుర్రవాడు ఒక్కసారి మీటి, తల ఎత్తి నా వంక చూశాడు.

"మరి పికప్పులు మార్చవద్దాండీ?"

"మూడు నెలలు దీన్నే వాయించు. ఇంకా ఏమి తక్కువయిందో నీ చెవే చెబుతుంది. అప్పుడు రా" అన్నాను.

మూడు నెలలకు వచ్చాడు. ఈసారి ప్రశ్న మారింది. "ధ్వని పెంచితే కీచుమంటోంది బాబాయ్ గారూ! మూడు తంతులు కలిపి కొడితే క్రింది స్వరం వినబడడం లేదు." అదీ అడగవలసిన ప్రశ్న. మైనం పట్టించిన, ఆల్నికో అయస్కాంతం ఉన్న, 8 కిలో ఓమ్‌ల పికప్ ఒక్కటి, బ్రిడ్జి దగ్గరకు మాత్రమే వేశాం. మిగిలిన డబ్బు ఇంట్లో ఇచ్చానన్నాడు.

కొనేవారికి నాలుగు మాటలు

ఇక నా సలహా. బ్రిడ్జి దగ్గర తంతి తక్కువగా ఊగుతుంది. అక్కడి నాదం సన్నగా, పదునుగా ఉంటుంది. కనుక అక్కడికి కాస్త బలమైన హంబకర్ కావాలి: ఆల్నికో 5 అయస్కాంతం, మామూలు 42 నంబరు తీగ, 8 నుంచి 9 కిలో ఓమ్‌లు. మెడ దగ్గర తంతి బాగా ఊగుతుంది. అక్కడ 7 నుంచి 7.5 చాలు. ఆల్నికో 2 వేస్తే మెత్తగా, గుండ్రంగా పలుకుతుంది. 5 వేస్తే మంద్రం గట్టిగా, అంచు పదునుగా ఉంటుంది. రెండూ ఒకే బలంవి వేస్తే మెడ దగ్గరది బ్రిడ్జి దగ్గరదాన్ని మింగేస్తుంది.

కొనే ముందు గిటారులో చోటు కొలుచుకోండి. హంబకర్ పట్టే గుంట వేరు, ఒంటి చుట్ట పట్టే గుంట వేరు. తంతుల ఎడం కూడా చూడండి: గిబ్సన్ తరహాకు మొదటి మరకూ ఆరో మరకూ మధ్య సుమారు 50 మిల్లీమీటర్లు, ఫెండర్ తరహా బ్రిడ్జికి సుమారు 53. మీ గిటారు స్ట్రాటోకాస్టర్ తరహాదైతే, చెక్క చెక్కించే ముందు బ్లాక్‌మోర్‌ను ఒకసారి వినండి. బ్లాక్ సబ్బాత్ బరువు కావాలంటే పి-90 వైపు చూడండి. రొదను మాత్రం భరించాలి. ధ్వని బాగా పెంచి వాయించేవారైతే మైనం పట్టించినదే తీసుకోండి. మైనం ఇంట్లో పట్టిద్దామని ఎవరైనా సాహసిస్తే, వేడి ఎక్కువయితే లోపలి ప్లాస్టిక్ బాబిన్లు కరిగిపోతాయని మరువవద్దు.

పేటెంటు తెచ్చుకున్న సెత్ లవర్ 1997లో కన్నుమూశాడు. అంతకు మునుపు 1990లలో సేమర్ డంకన్ కంపెనీ తన పాత నమూనాను మళ్లీ చేస్తానంటే, ఆయనే దగ్గరుండి సహాయం చేశాడు. ఆ పికప్ ఆయన పేరుతోనే దొరుకుతుంది. నలభై ఏళ్ల కాలంలో అంతకన్న బలమైనవి వందరకాలు వచ్చినా, జనం వెనక్కు తిరిగి ఆ మితమైనదాన్నే అడిగారన్నమాట.

పికప్ నాదాన్ని పుట్టించదు; చేతికీ ఆంప్లిఫయరుకీ మధ్య కబురు మోసుకుపోతుంది. కబురు మోసేవాడికి గొంతు పెద్దదై ఉంటే చాలదు. ఇచ్చిన మాటను ఇచ్చినట్లు, ఒక అక్షరం మింగకుండా, ఒక అక్షరం చేర్చకుండా అప్పజెప్పాలి. అటువంటి పికప్ దొరికితే అది మీ చేతిలోని మంచినీ చెబుతుంది, లోపాన్నీ చెబుతుంది. లోపం విన్నప్పుడు జేబు తడుముకోకుండా సాధన చేసేవాడికి, గర్జన ఎలాగూ వస్తుంది.